తీరం కాసిన కోటలు – 7: కొరెగిడోర్, పైకప్పు లేని కోట

1898 ఏప్రిల్ 30 రాత్రి. ఫిలిప్పీన్స్‌లోని మనీలా అఖాతం ముఖద్వారంలోకి తొమ్మిది అమెరికన్ ఓడలు దీపాలు ఆర్పేసుకుని ఒకదాని వెంట ఒకటిగా వస్తున్నాయి. ముందు నడుస్తున్న ‘ఒలింపియా’ మీద కమోడోర్ జార్జ్ డ్యూయీ ఉన్నాడు. ఎడమవైపు చీకట్లో కొరెగిడోర్ దీవి, కుడివైపు ఎల్ ఫ్రాయిలే అనే ఒంటరి బండ. రెండింటి మీదా స్పెయిన్ వాళ్ల ఫిరంగులున్నాయి. ఇంతలో వరుసలోని ఒక ఓడ పొగగొట్టంలో పేరుకున్న మసి అంటుకుని మంట పైకెగసింది. ఎల్ ఫ్రాయిలే మీది ఫిరంగులు కొన్ని గుళ్లు పేల్చి ఊరుకున్నాయి. ఓడలు ఆగలేదు. తెల్లవారాక కవిటే దగ్గర లంగరేసి ఉన్న స్పెయిన్ నౌకల మీద డ్యూయీ విరుచుకుపడ్డాడు. మధ్యాహ్నానికల్లా ఆ నౌకాదళం లేదు. శత్రువు గుండు తగిలి చనిపోయిన అమెరికన్ ఒక్కడూ లేడు.

గెలిచినవాళ్లు ఆ రాత్రిని మరిచిపోలేదు. తాము దూరి వచ్చిన దారినే రేపు ఇంకొకరు దూరి రావచ్చు. ఆ ఏడాది డిసెంబరులో కుదిరిన ప్యారిస్ ఒప్పందంతో, 2 కోట్ల డాలర్లకు, ఫిలిప్పీన్స్ అమెరికా చేతికి వచ్చింది. ఏడు వేల పైచిలుకు దీవుల దేశం, దాని ప్రజల మాట అడగకుండానే ఒక దొర చేతి నుంచి ఇంకో దొర చేతికి మారింది. స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఫిలిపినోలతో అమెరికన్లు ఏళ్ల తరబడి యుద్ధం చేశారు. ఆ యుద్ధం చల్లారుతుండగానే ఇంజినీర్ల కళ్లు అఖాతం నోటి మీద పడ్డాయి.

గత సంచికలో సింగపూర్ తీర ఫిరంగుల సంగతి చెప్పుకున్నాం. కొరెగిడోర్ కథ దానికి తోబుట్టువే అయినా, నా దృష్టిలో ఇంకా లోతైనది. సింగపూర్ ఒక వారంలో చేజారింది. కొరెగిడోర్ నాలుగు నెలలకు పైగా నిలబడింది. పైగా, ఏ పని కోసం కట్టారో ఆ పనిని అది చేసింది కూడా. అయినా కూలింది. ఎందుకు కూలిందన్నదే ఈ వ్యాసం.

మనీలా అఖాతం ఆసియాలోని గొప్ప సహజ రేవుల్లో ఒకటి. లోపల ఎంత పెద్ద నౌకాదళమైనా తలదాచుకోవచ్చు. బయటి నుంచి లోపలికి రావడానికి మాత్రం ఉన్నది ఒకే నోరు. ఆ నోటికి అడ్డంగా కొరెగిడోర్ పడి ఉంది. మనీలా నగరానికి దాదాపు 48 కిలోమీటర్లు. ఆకారంలో తోకకప్ప: పడమట, సముద్రం వైపు, ఎత్తైన పెద్ద తల, తూర్పున అఖాతంలోకి సన్నగా సాగిన తోక. పొడవు ఆరున్నర కిలోమీటర్ల లోపే. ఉత్తరాన మూడు నాలుగు కిలోమీటర్ల నీటికి అవతల బటాన్ ద్వీపకల్పం, దట్టమైన కొండలు. ఈ ఉత్తరపు గట్టు సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. కోట కట్టినవాళ్లు దాన్ని తగినంత పట్టించుకోలేదు.

దక్షిణపు నీటి దారిలో ఇంకో మూడు చిన్న దీవులున్నాయి: కబాయో, ఎల్ ఫ్రాయిలే, కరబావో. నాలుగింటినీ కలిపి ఒకే రక్షణ వలయంగా మలచాలని అమెరికన్లు తలపెట్టారు. యుద్ధమంత్రి విలియం హోవార్డ్ టాఫ్ట్ పేరు మీద ఏర్పడిన బోర్డు ఈ పథకాలకు రూపమిచ్చింది. కొరెగిడోర్ మీది కోటకు ఫోర్ట్ మిల్స్ అని పేరు పెట్టారు. కబాయో మీద ఫోర్ట్ హ్యూస్, కరబావో మీద ఫోర్ట్ ఫ్రాంక్. ఎల్ ఫ్రాయిలే మీద ఏం చేశారన్నది వేరే చెప్పుకోవలసిన కథ, దానికి వస్తాను.

ఫోర్ట్ మిల్స్‌లో చివరికి 23 బ్యాటరీలు లెక్కకు తేలాయి, వాటిలో 56 ఫిరంగులు, మోర్టార్లు. వాటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేవి రెండు రకాలు. మొదటిది ‘మాయమయ్యే ఫిరంగి’. ఎత్తైన కాంక్రీటు గోడ వెనుక, కిందికి వంగి ఉంటుంది. సిపాయిలు గోడ చాటునే గుండు దట్టిస్తారు. బరువైన తూనిక దిమ్మె కిందికి దిగితే ఫిరంగి చేతులు పైకి లేచి, గొట్టం గోడ మీదుగా తొంగిచూస్తుంది. పేలుతుంది. పేలిన ఊపుకే వెనక్కి వంగి మళ్లీ గోడ చాటుకు దిగిపోతుంది. సముద్రం మీది ఓడకు కనిపించేది ఒక మెరుపు, కాస్త పొగ, అంతే. పన్నెండు అంగుళాల గొట్టాన్ని ఇలా లేపి దించే యంత్రం ఆ కాలపు ఇంజినీరింగ్‌లో పెద్ద ఘనత. వీలర్, చీనీ, క్రాకెట్ బ్యాటరీలన్నీ ఇవే.

రెండోది మోర్టారు. పొట్టిగా, లావుగా, ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంటుంది. యుద్ధనౌకకు పక్కల దిట్టమైన ఉక్కు కవచం ఉంటుంది. పైన డెక్కు మాత్రం పలచన. కాబట్టి గుండును నేరుగా కొట్టకుండా ఆకాశంలోకి ఎత్తుగా విసిరి, ఓడ నెత్తిన నిలువుగా పడేట్టు చేయాలి. ఒక్కో గుండు రకాన్ని బట్టి సుమారు 300 నుంచి 475 కిలోలు. వే బ్యాటరీలో ఇలాంటివి నాలుగు, గేరీ బ్యాటరీలో ఎనిమిది. ఇవి చుట్టూ ఏ దిక్కుకైనా తిరుగుతాయి. లోతైన కాంక్రీటు గుంతల్లో కూర్చుంటాయి. సముద్రం మీది నుంచి ఎవరు ఎంత చూసినా కనిపించవు.

ఇప్పుడు ఈ రెండింటినీ పై నుంచి చూడండి. మాయమయ్యే ఫిరంగి పై నుంచి మాయమవదు. దాని వెనకభాగమంతా ఆరుబయలే. మోర్టారు గుంతకు పైకప్పు లేదు, ఉండటానికీ వీల్లేదు. శత్రువు వచ్చేది సముద్ర మట్టం మీదుగానే అని నమ్మినవాడు కట్టిన కోట ఇది. ఎదుట ఎన్నో అడుగుల కాంక్రీటు, నెత్తిన ఖాళీ ఆకాశం. రైట్ సోదరుల విమానం మొదటిసారి గాలిలోకి లేచింది 1903 డిసెంబరులో. కొరెగిడోర్ మీద కాంక్రీటు పోయడం ఊపందుకున్నది ఆ తర్వాతి ఏళ్లలోనే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే వేళ మొదలుపెట్టి కట్టిన హెర్న్, స్మిత్ బ్యాటరీల ఫిరంగులు ఇరవై ఆరు కిలోమీటర్లు దాటి కొట్టగలిగేవి. అవి కూడా చదునైన నేల మీద, కప్పు లేని గుండ్రటి తావులో నిలబడినవే. అప్పటికి విమానం బాంబులు వేయడం ప్రపంచమంతా చూసేసింది. కాబట్టి తెలియక చేశారనడానికి వీల్లేదు.

దీవి మీద ఊరే వెలిసింది. తల మీది పీఠభూమిని టాప్‌సైడ్ అనేవారు, దాని కింద మిడిల్‌సైడ్, తోక మొదట్లో బాటమ్‌సైడ్. కొండ ఎక్కిదిగడానికి ఎలక్ట్రిక్ ట్రాము. బడి, ఆసుపత్రి, సినిమాహాలు, గోల్ఫ్ మైదానం. ‘మైలు పొడవు బారకాసు’ అని పేరుపడ్డ మూడంతస్తుల సిపాయిల నివాసం నిజానికి మైలులో మూడో వంతు కూడా లేదు. కానీ దాని ముందు నిలబడ్డవాళ్లకు ఆ పేరు అతిశయోక్తి అనిపించేది కాదు. ఫిలిపినో కుటుంబాలు బాటమ్‌సైడ్ దగ్గరి పల్లెలో ఉండేవి. తీర ఫిరంగి దళంలో 91, 92 రెజిమెంట్లు ఫిలిపినో స్కౌట్లవి. అమెరికా సైన్యంలో భాగమే. జీతం మాత్రం అమెరికన్ సిపాయి జీతం కన్నా బాగా తక్కువ. కొరెగిడోర్ మీద రాసిన పుస్తకాల్లో జనరళ్ల పేర్లు ఎంత గట్టిగా వినిపిస్తాయో వీళ్ల పేర్లు అంత సన్నగా వినిపిస్తాయి. ఈ ధారావాహికలో ప్రతి కోట దగ్గరా ఇదే ఎదురవుతోంది, అందుకే ప్రతిసారీ చెబుతున్నాను.

1922 ఫిబ్రవరిలో వాషింగ్టన్ నౌకా ఒప్పందం కుదిరింది. అమెరికా, బ్రిటన్, జపాన్ పసిఫిక్‌లోని తమ దీవుల కోటలను ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి, పెంచకూడదు అన్నది అందులో ఒక షరతు. ఫిలిప్పీన్స్ దాని కిందికి వచ్చింది. కొరెగిడోర్ ఓటమికి ఈ ఒప్పందాన్నే తప్పుపట్టే చరిత్రకారులున్నారు. విమాన విధ్వంసక ఫిరంగులు పెంచలేకపోయారు, గుంతల మీద కప్పు వేయలేకపోయారు అన్న వాదనలో కొంత నిజముంది. కానీ కప్పు లేకుండా కట్టాలన్న నిర్ణయం ఒప్పందానికి పదేళ్లకు పైగా ముందటిది. పైగా జపాన్ తప్పుకోవడంతో 1936 చివరికి ఒప్పందం ముగిసిపోయింది. ఆ తర్వాతి ఐదేళ్లలో కొరెగిడోర్‌కు దక్కింది చాలా తక్కువ. ఫిలిప్పీన్స్‌కు 1946లో స్వాతంత్ర్యం ఇస్తామని వాషింగ్టన్ అప్పటికే మాట ఇచ్చింది. వదిలి వెళ్లబోయే ఇంటికి ఎవరు మరమ్మతు చేయిస్తారు?

ఒప్పందపు కళ్లు కప్పి జరిగిన పని మాత్రం ఒకటుంది. మలింతా కొండ కింద సొరంగం. 1922లో మొదలుపెట్టి పదేళ్లు తవ్వారు. డబ్బు లేదు కాబట్టి మనీలాలోని బిలిబిద్ జైలు ఖైదీలను తెచ్చి తవ్వించారు. కాలం చెల్లిందని పక్కన పడేసిన పేలుడు మందుతో రాయిని పగలగొట్టారు. ప్రధాన సొరంగం దాదాపు 250 మీటర్లు, ఏడు మీటర్ల వెడల్పు. అటూ ఇటూ చీలిన కొమ్మ సొరంగాలు 24. ఆసుపత్రికి విడిగా ఇంకో సొరంగాల గుంపు. దీవి మీద నెత్తిన నిజమైన కప్పున్న చోట్లలో పెద్దది ఇదే. దాన్ని తవ్వినవాళ్లు ఖైదీలు. ఇరవై ఏళ్లకు జనరళ్లు, దేశాధ్యక్షుడు, నర్సులు, గాయపడ్డ సిపాయిలు అంతా ప్రాణాలు పెట్టుకున్నది ఆ ఖైదీలు తవ్విన చీకట్లోనే.

ఇక ఎల్ ఫ్రాయిలే. డ్యూయీ మీద గుళ్లు పేల్చిన ఆ బండను అమెరికన్లు 1909 నుంచి నీటి మట్టం దాకా చెక్కేశారు. దాని మీద ఓడ ఆకారంలో కాంక్రీటు దిమ్మె పోశారు: 350 అడుగుల పొడవు, 144 అడుగుల వెడల్పు. గోడల మందం చాలాచోట్ల 25 అడుగుల పైనే. పైన రెండు ఉక్కు బురుజులు, ఒక్కోదాంట్లో రెండేసి 14 అంగుళాల ఫిరంగులు. పేరు ఫోర్ట్ డ్రమ్; సిపాయిలు మాత్రం ‘కాంక్రీటు యుద్ధనౌక’ అనేవారు. నాలుగు దీవుల్లో కప్పు గురించి ఆలోచించి కట్టిన ఫిరంగి కోట ఇదొక్కటే. దాని పైకప్పు మందం 20 అడుగులు. తర్వాత జరిగినది చూస్తే ఈ తేడా ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది.

1941 డిసెంబరు 8న జపాన్ విమానాలు ఫిలిప్పీన్స్ మీద విరుచుకుపడ్డాయి. క్లార్క్ ఫీల్డ్‌లో అమెరికన్ బాంబర్లు నేల మీదే కాలిపోయాయి. జపాన్ సైన్యం మనీలా అఖాతం వైపు తొంగి కూడా చూడలేదు. డిసెంబరు 22న ఉత్తరాన చాలా దూరంలో ఉన్న లింగాయెన్ సింధుశాఖలో దిగి, రోడ్ల వెంట దక్షిణానికి నడిచింది. సైన్యాధిపతి జనరల్ మసహారు హోమ్మా. జనవరి 2న మనీలాలోకి ప్రవేశించాడు. నలభై ఏళ్లు సిద్ధమైన సింహద్వారానికి పెరటి దారి నుంచి చేరుకున్నాడు.

అయితే ఇక్కడే కొరెగిడోర్ గొప్పతనం కనిపిస్తుంది. మనీలా చేతికొచ్చినా రేవు చేతికి రాలేదు. నగరంలో జపాన్ జెండా ఎగురుతోంది, కానీ ఒక్క జపాన్ రవాణా ఓడ కూడా అఖాతంలోకి అడుగుపెట్టలేదు. ఆ నోరు ఇంకా కొరెగిడోర్ గుప్పిట్లోనే ఉంది. ఫిరంగులను ఉత్త దండగ అని కొట్టిపారేసేవాళ్లు ఈ నాలుగు నెలలను లెక్కలోకి తీసుకోరు. ఓడలను ఆపమని కట్టారు, ఓడలను ఆపింది.

డిసెంబరు 24న జనరల్ డగ్లస్ మెకార్థర్, ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మనుయేల్ కేసోన్ దీవికి చేరారు. 29న మొదటి పెద్ద విమానదాడి జరిగింది. ఆ ఒక్కరోజులోనే మైలు పొడవు బారకాసు, ఆసుపత్రి, ఇళ్లు దెబ్బతిన్నాయి. టాప్‌సైడ్ నివాసాలను వదిలేయాల్సి వచ్చింది. మరుసటి రోజు, మలింతా సొరంగం వాకిట్లో, కేసోన్ రెండోసారి అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. ఆయనకు క్షయ. సొరంగంలో దుమ్ము, తేమ, డీజిల్ పొగ. ఆ గాలిలో దగ్గుతూ ఆయన రెండు నెలలు గడిపాడు. ఫిబ్రవరి 20న జలాంతర్గామిలో దీవి దాటించారు. అంతకు కొన్నాళ్ల ముందు ‘ట్రౌట్’ అనే జలాంతర్గామి విమాన విధ్వంసక గుళ్లు తెచ్చి దించింది. తిరుగు ప్రయాణంలో అడుగున బరువు కావాలి. ఫిలిప్పీన్స్ ఖజానా నుంచి దాదాపు 20 టన్నుల బంగారం, వెండి ఎక్కించుకుని వెళ్లింది.

మార్చి 11 సాయంత్రం మెకార్థర్ కుటుంబంతో, కొందరు అధికారులతో టార్పెడో బోట్లలో వెళ్లిపోయాడు. అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఆజ్ఞ. మిగిలినవాళ్లలో దాదాపు ఎవరికీ ఏ బోటూ రాలేదు. పగ్గాలు జనరల్ జొనాథన్ వెయిన్‌రైట్ చేతికొచ్చాయి.

అమెరికన్, ఫిలిపినో దళాలు పోరాడుతున్న బటాన్ ఏప్రిల్ 9న లొంగిపోయింది. ఆకలితో, మలేరియాతో కుంగిపోయిన 75 వేల మందికి పైగా సిపాయిలు, అందులో అత్యధికులు ఫిలిపినోలు, బందీలయ్యారు. వాళ్ల చేత బలవంతంగా చేయించిన నడకనే ‘బటాన్ మృత్యుయాత్ర’ అంటారు. ఇక్కడ మన వైపు ఒకసారి చూడాలి. బటాన్ పతనానికి మూడు రోజుల ముందు, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. తెలుగు నేలను ఆ యుద్ధం నేరుగా తాకిన రోజు అది. విశాఖ బీచ్ రోడ్డులో ‘కోస్టల్ బ్యాటరీ’ అన్న పేరు ఇప్పటికీ ఊరి నోట్లో ఉంది. ఒడ్డున ఆ కాలపు కాంక్రీటు కాపలా గూళ్లు కొన్ని మిగిలాయి. వాటి కన్నులు సముద్రం వైపే తెరిచి ఉంటాయి. విశాఖకూ ప్రమాదం ఆకాశం నుంచే వచ్చింది.

బటాన్ చేజిక్కగానే జపాన్ ఫిరంగులు ఆ ఉత్తరపు గట్టు మీద వరుస కట్టాయి. కొండ మీద పరిశీలకులు, ఆకాశంలో బెలూను, విమానాలు. మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలోని దీవి మొత్తం వాళ్లకు అరచేతిలో రేఖలా కనిపించింది. కొరెగిడోర్‌లోని పెద్ద ఫిరంగుల్లో చాలావాటి ముఖం పడమటి సముద్రం వైపే; బటాన్ వైపు తిరగలేవు. తిరగగలిగిన వాటికి కప్పు లేదు. 240 మిల్లీమీటర్ల హోవిట్జర్లు గుళ్లను ఆకాశంలోకి ఎత్తి, నిలువుగా దించాయి. ఓడల డెక్కులను చీల్చడానికి అమెరికన్లు ఏ ఎత్తుగడతో మోర్టార్లు పెట్టుకున్నారో, సరిగ్గా అదే ఎత్తుగడ ఇప్పుడు వాళ్ల నెత్తిన పడింది.

జపాన్ చక్రవర్తి పుట్టినరోజైన ఏప్రిల్ 29న గుళ్ల వాన పొద్దుటి నుంచీ ఆగలేదు. చెట్లు పోయాయి. దుమ్ము రేగి దీవి కనిపించేది కాదు. మే 2న ఒక గుండు గేరీ బ్యాటరీ మందుగుండు గదిలోకి దిగింది. ఎనిమిది మోర్టార్ల గుంత ఒక్కసారిగా పేలింది. పది టన్నులు దాటిన గొట్టాలు గాలిలోకి ఎగిరి దూరంగా పడ్డాయి. ఒకటి గోల్ఫ్ మైదానం దాకా వెళ్లింది. దీవి మొత్తం ఊగింది.

వే బ్యాటరీ అప్పటికి చాలా ఏళ్లుగా వాడకంలో లేదు. మేజర్ విలియం మసెల్లో ఆధ్వర్యంలో విమాన విధ్వంసక దళం వాళ్లు తుప్పు వదిలించి, మోర్టార్లను మళ్లీ పేల్చే స్థితికి తెచ్చారు. వాళ్లు నేర్చుకున్న పని ఇది కాదు. మే 5 నాటికి నాలుగింటిలో ఒక్కటే పనిచేస్తోంది. ఆ రాత్రి జపాన్ సిపాయిలు దీవి తోక వైపు దిగుతున్నారని తెలిసి దాన్ని అటు తిప్పారు. రాత్రంతా పేల్చారు. మసెల్లోకు తీవ్రంగా గాయాలయ్యాయి. పడుకోబెట్టిన చోటు నుంచే ఆజ్ఞలిచ్చాడు. తెల్లవారి చాలాసేపటికి గొట్టం వేడెక్కి మూత బిగుసుకుపోయే దాకా ఆ మోర్టారు ఆగలేదు. కోటలో చివరిదాకా మోగిన పెద్ద ఫిరంగి అదే. దశాబ్దాల నాటి యంత్రం, ఆ పనిలో సరిగా శిక్షణ లేని మనుషులు. ఈ కథలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే ఘట్టం ఇదే.

దిగినవాళ్లదీ సుఖమైన రాత్రి కాదు. కర్నల్ గెంపాచి సాతో మనుషుల పడవలను నీటి పోటు అనుకున్న చోటికి కాక తూర్పుకు లాక్కెళ్లింది. ఒడ్డున మెరైన్లు, ఓడలు పోగొట్టుకున్న నావికులు, ఫిలిపినో సిపాయిలు కాచుకుని ఉన్నారు. పడవల మీద పడవలు మునిగాయి. అయినా తెల్లవారేసరికి తోక మీద పట్టు దొరికింది. పొద్దెక్కాక మూడు ట్యాంకులు కదిలాయి. మలింతా సొరంగంలో వెయ్యి మంది దాకా గాయపడ్డవాళ్లు ఉన్నారు. ఒక్క ట్యాంకు సొరంగం నోట్లోంచి కాల్పులు మొదలుపెడితే ఏమవుతుందో వెయిన్‌రైట్‌కు తెలుసు. 1942 మే 6 మధ్యాహ్నం ఆయన తెల్లజెండా ఎత్తించాడు. పదకొండు వేల మందికి పైగా బందీలయ్యారు. వాళ్లను ఒక గారేజీ దగ్గరి సిమెంటు బయలులో, మే నెల ఎండలో, నీడ లేకుండా రోజుల తరబడి ఉంచారు. హెర్న్ బ్యాటరీ ఫిరంగి గొట్టం మీదికెక్కి చేతులెత్తి కేకలు వేస్తున్న జపాన్ సిపాయిల ఫోటో ఆనాటి పత్రికల్లో ప్రపంచమంతా తిరిగింది.

ఫోర్ట్ డ్రమ్ మాత్రం చివరి నిమిషం దాకా కాల్చింది. కవిటే ఒడ్డు నుంచి జపాన్ ఫిరంగులు దాని మీద నెలల తరబడి గుళ్లు కురిపించి కాంక్రీటు పెచ్చులు లేపాయి కానీ, దాని పెద్ద ఫిరంగుల నోరు మూయించలేకపోయాయి. మే 6న అది లొంగింది ఆజ్ఞ వచ్చింది కాబట్టి. కప్పు ఉన్న కోటకూ లేని కోటకూ ఇంతకన్నా స్పష్టమైన పోలిక ఎక్కడా దొరకదు.

కథ అక్కడ ఆగి ఉంటే అమెరికన్ల అలసత్వం అని సరిపెట్టుకోవచ్చు. కానీ మూడేళ్ల తర్వాత అదే దీవిలో జపాన్ అదే తప్పు చేసింది. నౌకాదళ కెప్టెన్ అకిరా ఇతగాకి దీవిని కాపాడుతున్నాడు. శత్రువు పడవల్లో వస్తాడనే లెక్కతో లోయలు, ఒడ్డులు పటిష్ఠం చేసుకున్నాడు. 1945 ఫిబ్రవరి 16 ఉదయం అమెరికా 503వ పారాచూట్ రెజిమెంట్ సిపాయిలు టాప్‌సైడ్ మీద, కవాతు మైదానంలో, పాత గోల్ఫ్ మైదానంలో దిగారు. అంత చిన్న జాగాలో, కొండ అంచున, ఈదురుగాలిలో పారాచూట్లు దింపడం ఎవరూ ఊహించనిది. గాలికి కొట్టుకుపోయిన కొందరు ఇతగాకి పరిశీలన కేంద్రం పక్కనే పడ్డారు. మొదటి గంటల్లోనే అతను చనిపోయాడు. సొరంగాల్లో వేల మంది జపాన్ సిపాయిలున్నారు. ఫిబ్రవరి 21 రాత్రి మలింతా కొండ లోపల పెద్ద పేలుడు. 26న మంకీ పాయింట్ కింద ఇంకోటి, అందులో అమెరికన్లు కూడా చాలామంది పోయారు. మార్చి 2న మెకార్థర్ తిరిగి వచ్చి జెండా ఎగరేయించాడు. బందీలుగా దొరికిన జపాన్ సిపాయిల సంఖ్య చాలా స్వల్పం.

ఫోర్ట్ డ్రమ్‌కూ ఆ ఏప్రిల్‌లో రోజు వచ్చింది. ఇరవై అడుగుల కప్పును పగలగొట్టే ఆయుధం అమెరికన్ల దగ్గర లేదు. తాము కట్టినదే కాబట్టి ఆ సంగతి వాళ్లకు బాగా తెలుసు. 1945 ఏప్రిల్ 13న ఒక ఓడను దాని పక్కకు చేర్చి, చెక్క వంతెన దించి, పైకప్పు మీదికి ఎక్కారు. గాలి గొట్టాల్లోంచి వేల గ్యాలన్ల డీజిల్, పెట్రోలు కలిపి లోపలికి పంపు చేశారు. ఒత్తి వెలిగించి దూరం జరిగారు. లోపలున్నవాళ్లు ఒక్కరూ బతకలేదు. రోజుల తరబడి ఆ దిమ్మె కాలుతూనే ఉంది. ఫిరంగులకు లొంగని కప్పు గాలి పీల్చే రంధ్రాల దగ్గర ఓడింది. సైనికంగా తెలివైన ఎత్తుగడే కావచ్చు. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

యుద్ధం ముగిసిన నాలుగు నెలలకు, 1946 జనవరి 1న, ఇరవై మంది జపాన్ సిపాయిలు కొరెగిడోర్ సొరంగాల్లోంచి బయటికి నడిచి వచ్చారు. మృతుల అవశేషాలు సేకరిస్తున్న ఒంటరి అమెరికన్ సిపాయి ఎదుటికి వచ్చి లొంగిపోయారు. నీళ్ల కోసం రాత్రుళ్లు బయటికి వచ్చినప్పుడు దొరికిన పాత పత్రికలో యుద్ధం అయిపోయిందని చదువుకున్నారట.

1947 అక్టోబరు 12న దీవిని స్వతంత్ర ఫిలిప్పీన్స్‌కు అప్పగించారు. ఆ దేశానికి ఈ కోటతో పని లేదు. విమానాలు, క్షిపణుల కాలం వచ్చింది. తీర ఫిరంగి అన్న ఆలోచనకే ప్రపంచమంతటా కాలం చెల్లింది. ఇనుప సామాను వ్యాపారులు రాగి తీగలు, పట్టాలు, యంత్రాలు విప్పుకుపోయారు. మరీ బరువైన ఫిరంగులు మిగిలాయి. కాలిపోయిన కొండను అడవి మళ్లీ కప్పింది. 1968లో పసిఫిక్ యుద్ధ స్మారకం సిద్ధమైంది.

అదే 1968లో, స్మారకం ఉన్న అదే దీవిలో, ఇంకో ఘోరం జరిగింది. మలేషియాలోని సబా ప్రాంతంలోకి చొరబడటానికి ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ ప్రభుత్వం ముస్లిం మోరో యువకులను రహస్యంగా చేర్చుకుని కొరెగిడోర్‌లో శిక్షణ ఇచ్చింది. ఎవరూ రాని దీవి కాబట్టి ఎంచుకున్నారు. జీతాలు అందక, చెప్పినదొకటి చేయిస్తున్నదొకటి అని తెలిసి వాళ్లు ఎదురుతిరిగారు. మార్చి 18న విమాన మైదానం దగ్గర వాళ్లను కాల్చి చంపారు. ఎంతమంది అన్నది ఈ రోజుకీ తేలని వివాదం. జిబిన్ అరులా అనే యువకుడు కాలికి గుండు తగిలినా కొండ దిగి, సముద్రంలో పడి, జాలర్ల చేతికి చిక్కి బతికాడు. అతను చెప్పబట్టే లోకానికి తెలిసింది. సెనేటర్ బెనిగ్నో అకినో ఆ నెలలోనే సెనేట్‌లో దీన్ని లేవనెత్తాడు. దక్షిణాన మిందనావోలో దశాబ్దాల పాటు సాగిన మోరో తిరుగుబాటుకు ‘జబీదా’ అన్న ఆ రహస్య దళం పేరే నిప్పు రవ్వ అయింది. వదిలేసిన కోటలు ఖాళీగా ఉంటాయని మనం అనుకుంటాం. ఎవరి కంటా పడని చోటు కావలసినవాళ్లకు అవి ఎప్పుడూ పనికొస్తూనే ఉంటాయి. కొరెగిడోర్ చరిత్ర 1945తో ముగిసిందని రాసే పుస్తకాలు అందుకే నాకు అసంపూర్ణంగా కనిపిస్తాయి.

ఈ రోజు దీవికి వచ్చే పర్యాటకులకు చూపించేవి ముఖ్యంగా టాప్‌సైడ్ మీదివే. మైలు పొడవు బారకాసు అస్థిపంజరం నిలబడి ఉంది. వే బ్యాటరీలో నాలుగు మోర్టార్లూ ఉన్న చోటే ఉన్నాయి. గుళ్ల దెబ్బల గుంటలు గొట్టాల మీద చేత్తో తడిమి చూడవచ్చు. హెర్న్ బ్యాటరీ పొడవాటి ఫిరంగి ఇంకా అలాగే పడి ఉంది. గేరీ బ్యాటరీ దగ్గర పగిలిన కాంక్రీటు, దూరంగా విసిరేసినట్టున్న గొట్టాలు. ఫోర్ట్ డ్రమ్ మీదికి పర్యాటకులు మామూలుగా వెళ్లరు. ఓడల మీది నుంచి చూస్తే బురుజులతో సహా కనిపిస్తుంది.

బటాన్ లొంగిపోయిన 1942 ఏప్రిల్ 9నే హిందూ మహాసముద్రంలో ఇంకో గొప్ప రేవు మీద జపాన్ విమానాలు వాలాయి. శ్రీలంక తూర్పు తీరాన ఉన్న ట్రింకోమలీ అది. పోర్చుగీసు, డచ్చి, ఫ్రెంచి, బ్రిటిష్ వాళ్లు ఒకరి తర్వాత ఒకరు పోట్లాడుకున్న రేవు. వచ్చే సంచికలో అక్కడికి వెళదాం.